పెనుగంచిప్రోలు అక్కాతమ్ముళ్లు మనకు నేర్పే పాఠం



ఏటా ఈ సంచిక చేతికి రాగానే మనలో చాలామంది ముందు తిప్పేది జమాఖర్చుల పేజీ. ఎంత వసూలైంది, ఎంత పంచారు, ఎంత మిగిలింది అని చూస్తాం. అది సబబే. ఇచ్చినవారికి అడిగే హక్కు ఉంది, తీసుకున్నవారికి చెప్పే బాధ్యత ఉంది. అయితే ఆ పట్టికలోకి ఎక్కని లెక్కలు రెండు ఉన్నాయి. ఈ ఏడు మన ముందుకు వచ్చిన కొత్త ఆలోచనలెన్ని, వాటిలో ఎన్నింటికి మనం చేయూతనిచ్చాం? ఇది మొదటిది. మన పెద్దలకు తెలిసిన పనిలో ఎంత భాగం చిన్నవాళ్ల చేతికి అందింది? ఇది రెండోది. నిధి తగ్గితే మళ్లీ వసూలు చేసుకోవచ్చు. ఈ రెండూ తగ్గితే వసూలు చేసే మనుషులే మిగలరు.

నాయకత్వం అంటే వేదిక మీద కుర్చీ అనుకుంటాం. ఉపాధ్యాయ వృత్తిలో ఇన్నేళ్లుగా పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను, ఊరి పెద్దలను చూస్తూ వచ్చిన మాకు అది మరోలా కనిపిస్తుంది. వేరొకరి తలలో పుట్టిన మంచి ఆలోచనను గుర్తించి నిలబెట్టడం, తన తలలో ఉన్నదాన్ని తన వెనకవాళ్లకు అప్పగించడం, నాయకత్వంలో సగానికి పైగా ఈ రెండు పనులే. ఈ మాటకు రుజువు వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. నందిగామకు, జగ్గయ్యపేటకు నడుమ, మునేరు ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు దాకా వెళితే చాలు.

ఒక ఇంట్లో ఇద్దరు

పెనుగంచిప్రోలు అనగానే అందరికీ తిరుపతమ్మ తిరునాళ్ల గుర్తుకొస్తుంది. కానీ తెలుగువారి చదువుల చరిత్రలో చెరగని పేర్లు రెండు ఆ ఊళ్లోనే పుట్టాయి. ఒకరు భండారు అచ్చమాంబ గారు, 1874లో పుట్టారు. మరొకరు ఆమె తమ్ముడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు, 1877లో పుట్టారు. చిన్ననాడే తండ్రి పోయారు. అచ్చమాంబ గారికి పదేళ్ల వయసుకే మేనమామ భండారు మాధవరావు గారితో పెళ్లయింది. ఆయన ఉద్యోగరీత్యా నాగపూర్ వైపు ఉండేవారు. తల్లి, తమ్ముడు కూడా ఆమె వెంట అక్కడికే వెళ్లారు. లక్ష్మణరావు గారి చదువు ఆ అక్క ఇంటి నీడలోనే సాగింది.

ఆ రోజుల్లో ఆడపిల్లకు అక్షరం చెప్పించేవారు అరుదు. అచ్చమాంబ గారు బడికి వెళ్లలేదు. తమ్ముడు ఏది చదివితే అది తానూ నేర్చుకున్నారు. తెలుగు, హిందీ మొదలుపెట్టి మరాఠీ, బెంగాలీ, గుజరాతీ, ఇంగ్లీషు దాకా ఆమె చదువు పెరిగింది. అక్క తమ్ముణ్ణి చదివించింది. తమ్ముడు అక్కకు చదువు చెప్పాడు. ఎవరు ఎవరికి దాత, ఎవరు ఎవరికి గురువు అని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

ఆ చదువు వృథా పోలేదు. అచ్చమాంబ గారు చరిత్రకెక్కిన స్త్రీల జీవితాలను వెతికి పట్టి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. 1902లో 'హిందూ సుందరి' పత్రికలో వచ్చిన ఆమె 'ధనత్రయోదశి' తెలుగులో మొదటి కథల్లో ఒకటి. గురజాడ వారి 'దిద్దుబాటు' 1910లో వచ్చిందని గుర్తు చేసుకుంటే ఆమె ఎంత ముందు నడిచారో తెలుస్తుంది. మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి స్త్రీ సమాజం స్థాపించారు. తన ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకున్న తల్లి ఆమె. ఆ దుఃఖం లోపల ఉండగానే ఇంత పని చేసి, 1905లో, ముప్పై ఏళ్ల వయసులోనే కన్నుమూశారు.

ఇంట్లో ఒకరికి చెప్పిన చదువు ఒకరి దగ్గరే ఆగదు. ఆ సంగతి దాతలకు ఈ జీవితమే చెబుతుంది.

పగ్గం పట్టని ప్రభువు

తమ్ముడు లక్ష్మణరావు గారు చదువు ముగించుకుని మునగాల సంస్థానానికి దివాను అయ్యారు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే. అయినా పరిపాలన మటుకు ఆనాటి కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో ఉండేది. అంటే అదీ మన గడ్డే. దాని ప్రభువు రాజా నాయని వెంకట రంగారావు గారు, నడిగూడెం ఆయన కోట.

దివాను పని అంటే శిస్తులు, దావాలు, రాజు గారి వ్యవహారాలు. లక్ష్మణరావు గారి మనసులో మాత్రం మరో ఆలోచన ఉంది. లోకంలో ఉన్న చరిత్ర, విజ్ఞాన శాస్త్రం తెలుగులోకి రావాలి, ఇంగ్లీషు రాని మనిషి కూడా వాటిని చదవాలి అన్నది ఆ ఆలోచన. ఆ కాలానికి ఇది పిచ్చిగా తోచేదే. తెలుగులో పుస్తకం అంటే పురాణమో కావ్యమో అనుకునే రోజులవి. రసాయన శాస్త్రం తెలుగులో ఎవరు కొంటారు? మరో యజమాని అయితే 'నీకిచ్చే జీతం దివానుగిరీకి' అని ఒక్క మాటతో మూసేసేవాడు. రాజా వారు అలా అనలేదు. దివాను ఆలోచనకు అండగా నిలిచారు.

ఫలితం చూడండి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. రాజా వారు, రావిచెట్టు రంగారావు గారు, లక్ష్మణరావు గారు తదితరులు కలిసి నిలబెట్టిన గ్రంథాలయం అది. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలైంది. దాని మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తరువాత చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము' వచ్చింది. విజ్ఞాన శాస్త్ర గ్రంథాలూ వచ్చాయి. లక్ష్మణరావు గారు స్వయంగా 'హిందూ మహాయుగము' రాశారు, 'మహమ్మదీయ మహాయుగము' కూడా రాశారు. మన దేశంలో ముస్లిం పాలకుల కాలాన్ని సామాన్య తెలుగు పాఠకుడి ముందు చరిత్రగా పెట్టిన తొలి ప్రయత్నాలలో అది ఒకటని మనం మరువకూడదు.

ఆ నడిగూడెంలోనే పింగళి వెంకయ్య గారు కొన్నేళ్లు ఉండి పత్తి మీద ప్రయోగాలు చేశారు. జాతీయ పతాకం వల్ల ఆయన దేశానికంతటికీ తెలిశారు గానీ, అంతకు ముందు ఆయనకు 'పత్తి వెంకయ్య' అని పేరు. ఒక చిన్న సంస్థానంలో ఒకరు విజ్ఞాన గ్రంథాలకు, మరొకరు పత్తి విత్తనాలకు చోటు దొరికించుకున్నారంటే అది కాకతాళీయం కాదు. అక్కడ కొత్త మాట వినే చెవి ఒకటి ఉంది.

రాజా వారి దగ్గర దాతలు నేర్చుకోవలసింది డబ్బు ఇవ్వడం ఒక్కటే కాదు. పుస్తకంలో ఏం రాయాలో ఆయన చెప్పబోలేదు. పని తెలిసినవాడి చేతిలో పని పెట్టి, పగ్గం తన చేతిలో పట్టుకోకుండా నిలబడ్డారు. ఇచ్చి ఊరుకోవడం సులభం. ఇచ్చి అడుగడుగునా అడ్డం పడటమూ సులభమే. ఇచ్చి, నమ్మి, లెక్క మాత్రం అడిగి, వెన్నంటి ఉండటమే కష్టం.

ఆగిన పని, ఆగని పని

ఈ కథలో ఆగిపోయిన పని కూడా ఒకటి ఉంది. దాతలు దాన్నీ గమనించాలి.

లక్ష్మణరావు గారి అతిపెద్ద కల ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. అకారాది క్రమంలో లోకంలోని విషయాలన్నీ తెలుగులో చెప్పే గ్రంథం అది. ఎంత లోతుగా పూనుకున్నారంటే 'అ'తో మొదలయ్యే విషయాలకే మూడు సంపుటాలు పట్టాయి. 1923 జులై 12న, నలభై ఆరేళ్ల వయసులో, మద్రాసులో ఆయన మరణించారు. పని అక్కడే నిలిచిపోయింది. ఒక్కరి భుజాల మీద మోసిన పల్లకీ ఆ ఒక్కరు కూలితే దారిలో ఆగక తప్పదు.

అయితే అంతా పోలేదు. పోకపోవడానికి కారణాలు రెండు. మొదటిది, ఆయన ఒంటరిగా కూర్చుని రాయలేదు. గాడిచర్ల వారు, ఆచంట లక్ష్మీపతి గారు వంటివారిని కలుపుకున్నారు. మల్లంపల్లి సోమశేఖరశర్మ గారనే యువకుడు ఆ పనిలో ఆయన దగ్గర చేరాడు. శర్మ గారికి పెద్ద డిగ్రీలు లేవు. కానీ శాసనం ఎలా చదవాలి, ఆధారం ఎలా వెతకాలి, వ్యాసం ఎలా కూర్చాలి అన్నది ఆ విజ్ఞాన సర్వస్వం కార్యాలయమే ఆయనకు నేర్పిన బడి. తరువాత ఆయన రెడ్డి రాజ్యాల చరిత్ర రాసి పెద్ద చరిత్రకారులయ్యారు. తెలుగు భాషా సమితి మరో విజ్ఞాన సర్వస్వం తలపెట్టినప్పుడు ఆ పనిలోనూ ఉన్నారు. గురువు గారి పుస్తకం 'అ' దగ్గర ఆగింది, ఆయన చేతి విద్య మాత్రం ఆగలేదు.

రెండోది, దాత మారినా దానం ఆగలేదు. అమృతాంజనం సంపాదనను తెలుగు పత్రికలకు, పుస్తకాలకు ధారపోసిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు, ఆయనా మన కృష్ణా జిల్లా వారే, 1930లలో ఆ విజ్ఞాన సర్వస్వాన్ని మళ్లీ చేతికెత్తుకున్నారు. ఒకరు మొదలుపెట్టిన పనిని మరొకరు తమ పేరు చూసుకోకుండా అందుకోవడం ఎంత పెద్ద మనసో ఆలోచించండి. మనలో ఎవరమైనా పాత కమిటీ మొదలుపెట్టిన పథకాన్ని కొత్త కమిటీలోకి వచ్చాక అంతే శ్రద్ధగా నడిపామా అని ప్రశ్నించుకుంటే ఆ గొప్పతనం అర్థమవుతుంది.

మన సంప్రదాయం చెప్పేది

ఇదంతా మనకు కొత్త కాదు. ఇస్లామీయ చరిత్రలో ఇదే క్రమం ఇంతకంటే స్పష్టంగా ఉంది.

దైవప్రవక్త (స) వారి అనంతరం యమామా యుద్ధంలో ఖుర్‌ఆన్ కంఠస్థం చేసినవారు ఎందరో అమరులయ్యారు. అది చూసి హజ్రత్ ఉమర్ (రజి) వారికి ఒక ఆలోచన వచ్చింది. ఆకుల మీద, ఎముకల మీద, రాళ్ల మీద, మనుషుల హృదయాలలో చెదిరి ఉన్న దైవవాణిని ఒకచోట గ్రంథంగా సమకూర్చాలని. ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) వెంటనే ఒప్పుకోలేదు. దైవప్రవక్త (స) చేయని పనిని తాను ఎలా చేయగలనని సందేహించారు. ఉమర్ (రజి) పదేపదే నచ్చజెప్పారు. చివరకు అబూబక్ర్ (రజి) మనసు ఒప్పుకుంది.

ఆ పని ఎవరికి అప్పగించారు? వయసులో పెద్దవారైన సహచరులు ఎందరో ఉండగా, ఇరవై ఏళ్లు దాటిన యువకుడు జైద్ బిన్ సాబిత్ (రజి) వారికి. ఆయన వివేకం గలవాడని, దైవప్రవక్త (స) దగ్గర వహీ రాసిన అనుభవం ఉన్నవాడని వారికి తెలుసు. కొండను కదిలించమన్నా ఇంత బరువుగా ఉండేది కాదని ఆ యువకుడు అనుకున్నారట. అయినా పూర్తి చేశారు. ఆ ప్రతి అబూబక్ర్ (రజి) దగ్గర, తరువాత ఉమర్ (రజి) దగ్గర, ఆపైన ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ హఫ్సా (రజి) దగ్గర భద్రంగా ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) తమ కాలంలో ఆ ప్రతినే తెప్పించుకుని నకళ్లు రాయించి రాజ్యమంతటా పంపారు. ఆ నకళ్ల పనిలోనూ జైద్ (రజి) ఉన్నారు.

ఇందులో ఐదుగురి పాత్రలు చూడండి. ఆలోచన చెప్పినవారు ఒకరు. సందేహించి, విని, సమ్మతించి అధికారం ఇచ్చినవారు ఒకరు. ఒళ్లు వంచి చేసిన యువకుడు ఒకరు. భద్రపరచిన మహిళ ఒకరు. లోకానికి అందించినవారు ఒకరు. వీరిలో ఏ ఒక్కరు తమ వంతు చేయకపోయినా ఆ పని అలా సాగేది కాదు. అబూబక్ర్ (రజి) వారి సందేహాన్ని కూడా తక్కువ చేసి చూడకూడదు. పెద్దలు ప్రశ్నించడం తప్పు కాదు. ప్రశ్న అడిగాక జవాబు వినడం, జవాబు సరైనదైతే మనసు మార్చుకోవడం, ఇదే ఆయన చూపిన నాయకత్వం.

హిజ్రీ 5లో మదీనా మీదికి శత్రువులు దండెత్తి వచ్చినప్పుడు ఊరి చుట్టూ కందకం తవ్వాలన్న సలహా ఇచ్చింది పర్షియా నుంచి వచ్చిన సల్మాన్ ఫార్సీ (రజి). అరబ్బులకు ఆ యుద్ధరీతి తెలియదు. చెప్పినవాడు స్థానికుడా, బంధువర్గం ఉన్నవాడా అని దైవప్రవక్త (స) చూడలేదు. సలహా తీసుకున్నారు, స్వయంగా మట్టి మోశారు. మంచి ఆలోచన ఏ నోట వచ్చినా వినాలన్నదానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మనిషి మరణించాక కూడా ఆగని పుణ్యాలు మూడని మనకు తెలుసు: కొనసాగే దానం, పది మందికి మేలు చేసే విద్య, తల్లిదండ్రుల కోసం దుఆ చేసే సత్సంతానం. మన దాతలు మొదటిదాన్ని బాగా గుర్తుపెట్టుకుంటారు, బావి తవ్విస్తారు, మస్జిదుకు ఫ్యాన్లు ఇస్తారు. రెండోదీ అంతే బరువైనదని గుర్తు చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మరో అక్క, మరో తమ్ముడు కాదు, అన్న

అచ్చమాంబ గారి కాలంలోనే బెంగాల్‌లో రుకయ్యా బేగం అనే ముస్లిం బాలిక ఉండేది. ఇంట్లో ఆడపిల్లలకు బెంగాలీ, ఇంగ్లీషు నేర్పడం ఒప్పుకోని రోజులు. అన్న ఇబ్రాహీం సాబిర్ రాత్రిపూట ఇల్లంతా నిద్రపోయాక దీపం దగ్గర కూర్చోబెట్టి ఆమెకు చదువు చెప్పారు. పెళ్లయ్యాక భర్త సఖావత్ హుసేన్ ఆమె రచనలను ప్రోత్సహించారు, ఆడపిల్లల బడి కోసం సొమ్ము పక్కన పెట్టారు. 1909లో ఆయన మరణించారు. 1911లో రుకయ్యా గారు కలకత్తాలో భర్త పేరుతో ఎనిమిది మంది బాలికలతో బడి తెరిచారు. ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పంపమని బతిమాలారు, ఎన్నో నిందలు పడ్డారు. ఆమె 1932లో పోయారు. ఆ బడి నేటికీ నడుస్తోంది.

ఎనిమిది మంది! ఇప్పటి మన కమిటీ ముందు ఎవరైనా 'ఎనిమిది మంది ఆడపిల్లలకు ఒక పథకం' అని పెడితే, 'ఇంత తక్కువ మందికా?' అని పక్కన పెట్టేస్తాం. తక్కువతో మొదలవడం ఆలోచనలో లోపం కాదు. విత్తనం ఎప్పుడూ చిన్నదే.

విద్యను దాచుకోకపోవడానికి మన తెలుగు ముస్లింలలోనే మంచి ఉదాహరణ నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా సాహెబ్ గారు. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకున్నారు. అది చాలక తంజావూరు బాణీ కోసం తమిళనాడు వెళ్లి మళ్లీ శిష్యులయ్యారు. శ్రీరంగంలో స్థిరపడి 1982లో నాదస్వరం నేర్పే ఆశ్రమం పెట్టారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆడవారు నాదస్వరం పట్టడమే వింత అనుకునే చోట ఒక ముస్లిం మహిళ చేతికి ఆ విద్య అందింది. పేరు వచ్చాక కూడా శిష్యరికానికి సిద్ధపడటం, నేర్చినది తన ఇంటికే పరిమితం చేయకపోవడం, ఈ రెండు గుణాలు ఉన్న పెద్దవాడు పోయినా ఆయన విద్య పోదు.

మన ఊళ్ల సంగతి

ఇక మన దగ్గరికి వద్దాం. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతం. సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి, పత్తి, మిరప, హైవే వెంట షెడ్లు, టీ కొట్లు, టైర్ల దుకాణాలు. మన కుటుంబాల్లో మగవాళ్లు ఎక్కువగా మెకానిక్ పనికో, డ్రైవింగుకో, దర్జీ పనికో, చిన్న వ్యాపారానికో పోతారు. ఒకప్పుడు దూది ఏకే పనితో బతికిన కుటుంబాలకు ఆ పని ఇప్పుడు అన్నం పెట్టడం లేదు. పాత పని పోయినచోట కొత్త పని నేర్పేవారు కావాలి.

మన భాషలో 'ఉస్తాద్' అనే మాట ఎంత గొప్పదో గమనించారా? మదర్సాలో ఖుర్‌ఆన్ చెప్పే ఆయన ఉస్తాదే. లారీ ఇంజను విప్పే ఆయనా ఉస్తాదే. చేతికింద కుర్రాడికి పని నేర్పకుండా ఎవరూ ఉస్తాద్ కాలేరని ఆ మాటే చెబుతోంది. షెడ్డులో అమలయ్యే ఈ ధర్మం కమిటీల్లో ఎందుకు అమలు కాకూడదు?

తరగతి గదిలో మేము చూసే సంగతి ఒకటి చెప్పాలి. పదో తరగతి దాకా వెనకపడకుండా చదివే ఆడపిల్లలు కొందరు ఆ తరువాత కనిపించరు. తెలివి తక్కువై కాదు, ఫీజు కట్టలేకా కాదు. పల్లె నుంచి టౌనులోని కాలేజీకి పోయిరావడానికి తోడు లేక, సాయంత్రం బస్సు ఆలస్యమైతే ఇంట్లో భయం వల్ల. ఇలాంటి సమస్యకు మన పాత పథకాల్లో మందు లేదు. ఫీజు రీయింబర్సుమెంటు వచ్చినా దారి భయం పోదు. చదువుకున్న మన యువతీ యువకులు దీనికి దారులు ఆలోచిస్తూనే ఉన్నారు. ఒకే దారిలో వచ్చే పిల్లలందరికీ కలిపి ఒక ఆటో మాట్లాడటం, టౌనులో ఒక చదువు గది, అందులో ఒక పెద్దావిడ కాపలా, ఇలాంటివి. అవి మన ముందుకు వచ్చినప్పుడు మనం ఏమంటున్నామన్నదే అసలు ప్రశ్న. 'ఇంతకు ముందు ఎవరూ చేయలేదు' అన్న జవాబు చాలదు. అబూబక్ర్ (రజి) వారికే ఆ సందేహం వచ్చింది, ఆయన దాన్ని దాటారు.

దాతలు, కమిటీ పెద్దలు చేయగలిగినవి

కొత్తదన్నంత మాత్రాన ప్రతిదీ మంచిది కాదు. పెద్దల జాగ్రత్త లేకపోతే నిధి కొవ్వొత్తిలా కరిగిపోతుంది. అందుకే అండ ఇవ్వడానికీ ఒక పద్ధతి ఉండాలి. మా అనుభవంలో పనికొచ్చేవి ఇవి.

మొదటిది, పూర్తిగా వినడం. చెప్పేవారు మధ్యలో ఉండగా తీర్పు ఇవ్వకూడదు. విన్నాక మూడే ప్రశ్నలు: ఎవరికి మేలు? రోజూ ఎవరు చేస్తారు? ఫలితం ఎప్పటికి తెలుస్తుంది? ఈ మూడింటికి జవాబు ఉంటే అది ఆలోచన. లేకపోతే అది ఇంకా కోరికే, మరికొంత తయారై రమ్మని గౌరవంగా చెప్పాలి.

రెండోది, చిన్నగా, గడువుతో మొదలుపెట్టడం. బడి ఏడాదిలాగా జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఒక్క ఊరికి, కొద్దిమందికి. గడువు ముగిశాక కూర్చుని చూసి, పెంచాలా మార్చాలా ఆపాలా తేల్చుకోవాలి. ఇలా చేస్తే ఒప్పుకోవడానికి పెద్దలకు భయం ఉండదు, చేయడానికి చిన్నవాళ్లకు ధైర్యం ఉంటుంది.

మూడోది, సొమ్మును సరైన సంచిలోంచి తీయడం. జకాత్‌కు హక్కుదారులు ఎవరో దివ్యఖుర్‌ఆన్ తౌబా సూరా 60వ ఆయతు ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. కాబట్టి జకాత్ సొమ్ము ఆ హక్కుదారులకే చేరాలి, ప్రయోగాలకు కాదు. కొత్త ప్రయత్నాలకు సదఖా, సాధారణ విరాళాలు వాడాలి. సందేహం వస్తే ఉలమాలను అడగాలి. రసీదు రాసేటప్పుడే ఏ పద్దు కింద ఇస్తున్నారో దాతలు చెబితే కమిటీకి సగం చిక్కు తీరుతుంది.

నాలుగోది, కొంత మొత్తాన్ని అసలుగా నిలపడం. ఖైబర్‌లో తనకు దక్కిన మంచి భూమిని ఏం చేయాలని ఉమర్ (రజి) అడిగినప్పుడు, అసలును అలాగే ఉంచి ఫలసాయాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) దారి చూపారు. ఆ వక్ఫ్ బాధ్యతను తన తరువాత కూతురు హఫ్సా (రజి) చూడాలని ఉమర్ (రజి) రాయించారు. దాత ఉన్నా లేకున్నా నడిచే ఏర్పాటు అది. ఒక దుకాణం గది, ఒక చిన్న స్థలం, దాని అద్దె ఏటా ఇద్దరు పిల్లల చదువుకు చాలినా అది ఆగని దానమే. విజ్ఞాన సర్వస్వం ఒక్కరి మరణంతో ఆగినట్టు మన పథకం ఆగకూడదంటే ఇదే మార్గం.

ఐదోది, ప్రతి బాధ్యతకు ఒక నాయబు. అధ్యక్షుడి పక్కన, కార్యదర్శి పక్కన, ముఖ్యంగా కోశాధికారి పక్కన ముప్పై ఏళ్ల లోపు వారు ఒకరు ఏడాది పొడవునా కూర్చోవాలి. బ్యాంకు పని, ఆడిట్ కాగితాలు, వక్ఫ్ బోర్డుకు అర్జీ ఎలా రాయాలి, అధికారి దగ్గర ఎలా మాట్లాడాలి అన్నవి చూసి నేర్చుకునేవే. వారిలో ఆడపిల్లలూ ఉండాలి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో మన ఆడవాళ్లకు తెలిసినంతగా మగవాళ్లకు తెలియదు.

ఆరోది, ఒక పుస్తకం. లెక్కల పుస్తకం కాదు, అనుభవాల పుస్తకం. ఏ పని ప్రయత్నించాం, ఏది కుదిరింది, ఏది ఎందుకు ఆపేశాం అని ఏటా రెండు పేజీలు. అడగడానికి సిగ్గుపడే కుటుంబానికి వారి మర్యాద పోకుండా సాయం ఎలా చేర్చాలో మన పెద్దలకు తెలుసు. పేర్లు రాయనక్కర్లేదు, ఆ పద్ధతి రాస్తే చాలు. పెద్దవారు ఒకరు వెళ్లిపోయినప్పుడల్లా యాభై ఏళ్ల తెలివి ఖబరస్తాన్ దాకా వెళ్లి మట్టిలో కలవకూడదు.

లక్ష్మణరావు గారికి ఒక అక్క, ఒక రాజా వారు, ఒక శిష్యుడు, తరువాత ఒక నాగేశ్వరరావు గారు దొరికారు. మన మధ్య ఉన్న పిల్లల్లో అలాంటి తలపు ఉన్నవారు ఎవరో మనకు ముందుగా తెలియదు. తెలిసేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఈసారి వార్షిక సమావేశానికి వచ్చే దాతలందరికీ మా మనవి ఒక్కటే. మీ విరాళంతో పాటు ఇరవై ఐదేళ్ల లోపు వారిని ఒకరిని వెంటబెట్టుకుని రండి. వారికి ముందు వరుసలో చోటివ్వండి, పది నిమిషాలు మాట్లాడనివ్వండి. వారు చెప్పినదానిలో ఒక్కటి, అతి చిన్నది, వచ్చే జూన్ నుంచి మొదలుపెడదాం. ఇన్‌షా అల్లాహ్, వచ్చే సంచికలో జమాఖర్చుల పక్కన ఆ పని ఎంతవరకు వచ్చిందో కూడా రాసుకుందాం.